గానుగ ఆగిపోతుందని మెసేజీ పెట్టాను

మా ఆయనకు ఊరు విడిచిపోవడం ఇష్టం లేదు. ఆయన్ను పంపించడం నాకు అంతకన్నా ఇష్టం లేదు. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అయినా సోమవారం బెంగళూరు ప్రయాణం ఖాయమైంది. మా ఊరివాడొకడు అక్కడ అపార్ట్‌మెంట్లో సూపర్‌వైజరు. గేటు దగ్గర ఉద్యోగం ఖాళీగా ఉందని, యూనిఫారం వాళ్ళే ఇస్తారని, పడుకోవడానికి గది కూడా ఉందని ఫోన్ చేశాడు. మా ఆయన "సరేలేన్నా" అన్నాడు. ఇంత మెత్తని మనిషిని గేటు దగ్గర నిలబెడితే బెంగళూరు దొంగలందరూ ఈయనకు నమస్కారం పెట్టి మరీ లోపలికి పోతారని అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

మాది కదిరి నుంచి తనకల్లు పోయే దారిలో ఒక పల్లె. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో కట్టె గానుగ. ఎద్దులతో పనిలేదు, మోటారుతో తిరుగుతుంది. బోరు ఎండిపోయాక చేనును వానకు వదిలేసి ఈ గానుగ పెట్టుకున్నాం. వేరుశనగను మా వైపు చెనిక్కాయలంటాం, ఎవరివి వాళ్ళే తెచ్చి ఆడించుకుంటారు. ఇంట్లో ఒలిచి, గింజలు సంచిలో పోసుకుని వచ్చి, గానుగ పక్కన కూర్చుంటారు. తమ గింజల్లోంచి తమ నూనె దిగేదాకా లేవరు. మా ఆయన మీద అనుమానమేమీ లేదు. తమ చేలో పండింది నూనెగా మారడం కళ్ళారా చూసుకోవాలి, అంతే. ఒకరి గింజలు ఇంకొకరి గింజలతో కలిస్తే మాత్రం ఒప్పుకోరు. అన్నదమ్ములైనా సరే, ఒకరి తర్వాత ఒకరు విడివిడిగానే ఆడించుకుంటారు. ఆ కూర్చున్న గంటల్లో పెళ్ళి సంబంధాలు కుదిరేవి, వానను నోరారా తిట్టుకునేవాళ్ళు, నా టీ తాగి చక్కెర చాల్లేదని నన్నూ అనేవాళ్ళు.

తర్వాత వరసగా పంట పోయింది. గింజలే లేకపోతే ఆడించడానికేముంది? షెడ్డులో ఈగలు తప్ప ఎవరూ కూర్చోవడం లేదు. మేమే గింజలు కొని, నూనె తీసి, సీసాలకు పోసి అమ్ముదామనుకున్నాం. తీయడం మా ఆయన వంతు, అమ్మడం నా వంతు. డిగ్రీ రెండో ఏడు దాకా చదివినదాన్ని కదా, అమ్మడమెంతసేపని అనుకున్నాను.

చిన్న వ్యాపారం పెంచుకోవడం ఎట్లాగని ఫోన్లో వీడియోలు చూశాను. ఒకాయన సోషల్ మీడియా తప్ప దారి లేదన్నాడు. ఇంకొకాయన అదంతా గాలిమాట, నేరుగా ఫోనుకు పోయే మెసేజీయే మేలన్నాడు. ఇద్దరూ ఏసీ గదుల్లో కూర్చుని చెబుతున్నారు. ఇద్దరి మొహాలూ చూస్తే ఎప్పుడూ ఒక్క సీసా నూనె అమ్మినట్టు లేవు. సరే, రెండూ మనమే చేసి చూద్దామనుకున్నాను.

ముందు సోషల్ మీడియా. గానుగ తిరుగుతూ ఉంటే నూనె సన్నటి ధారగా దిగేది తీశాను. మా ఆయన మొహం చూపించడానికి సిగ్గుపడ్డాడు, చేతులు మాత్రం పడ్డాయి. మంచి పాటొకటి వెనకాల పెట్టాను. మా మండలం జనాభా ఎంతో తెలియదు గానీ, అంతకన్నా ఎక్కువమందే చూసినట్టున్నారు. సూపర్ అక్కా అన్నారు. ఎర్రగుండెలు పంపారు. చేతులు బాగున్నాయని ఒకామె రాసింది. ఆ మాట మా ఆయనకు చదివి వినిపిస్తే చేతులు వెనక్కి దాచుకున్నాడు. రేటెంత అని అడిగినవాళ్ళకు లెక్కలేదు. చెప్పాక మళ్ళీ పలికినవాళ్ళు తక్కువ. హైదరాబాదు నుంచి ఒకరు అడిగితే సీసా కట్టి బస్సులో పంపాను. మూత లూజయి కండక్టరు సంచి మొత్తం నూనె పట్టింది. ఇప్పటికీ ఆ బస్సొస్తే నేను షెడ్డులోకి తప్పుకుంటాను.

ఒకరోజు కువైట్ నుంచి ఒకామె రాసింది. అక్కా, ఆ పాట తీసేసి పెట్టవా, గానుగ చప్పుడు వినాల అని. ఆమెది నల్లమాడ పక్క పల్లె అట, అక్కడ ఎవరి ఇంట్లోనో వంట పని చేస్తోందట. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఆడించడానికి పోతే వెంట పోయి, ఆ చప్పుడుకు గోనెల మీద నిద్రపోయేదట. ఆమె కోసం పాట లేకుండా మళ్ళీ పెట్టాను. మోటారు గుర్రుమనడం, కట్టె కిర్రుమనడం, మధ్యలో మా ఆయన దగ్గు. దాన్ని ఎవరూ చూడలేదు. ఆమె ఒక్కతే రోజూ చూసేది, చూసినానక్కా అని చెప్పేది. ఆమె నాకేం కొనగలదు? అయినా ఆమె నుంచి ఏదైనా వస్తే నాకు ఆ రోజంతా బాగుండేది.

ఇక మెసేజీలు. గింజలు తెచ్చేవాళ్ళ ఫోన్ నెంబర్లను మా ఆయన షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసుకునేవాడు. పేర్లు రాయడు, ఆనవాళ్ళు రాస్తాడు. తనకల్లు జోడెడ్లు. చెవుడు మామ. వానొస్తాదనే ఆయన. ఆ గోడ ముందు స్టూలు వేసుకుని అన్నీ నా ఫోన్లోకి ఎక్కించాను. మా వాళ్ళలో చాలామందివి మీటలు నొక్కే ఫోన్లు, వాటిలో రీళ్ళు రావు. మెసేజీ వస్తుంది. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకుంటారు. కొత్త నూనె దిగింది, రండి అని మొదటి మెసేజీ పెట్టాను.

వరసగా ఫోన్లు మొదలయ్యాయి. సంబరపడి ఎత్తాను.

"మెసేజీ పెట్టినావంటమ్మా. ఏమి సమాచారం? అందరూ బాగుండారా?"

"అంతా బాగుండామన్నా. నూనె దిగింది, కావాలేమోనని పెట్టినా."

"అంతేనా? సరే సరే. నాకు గుండె జల్లుమనింది."

అందరూ ఇదే వరస. మెసేజీ అంటే బ్యాంకువాళ్ళదన్నా కావాలి, చెడ్డ కబురన్నా కావాలి. ఏ చెడ్డా లేదని తెలిసి హాయిగా ఫోన్ పెట్టేసేవాళ్ళు. నూనె సంగతి మరిచిపోయేవాళ్ళు. కొందరు మాత్రం వారం తిరిగేసరికి డబ్బా పట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్ళు తెలిసినవాళ్ళే, రాకపోయినా తెలిసినవాళ్ళే. సోషల్ మీడియా సంతలో నిలబడి కేకేసినట్టుండేది. అందరూ తిరిగి చూస్తారు, ఎవరి దారిన వాళ్ళు పోతారు. మెసేజీకి ఆ ఆర్భాటం లేదు. తలుపు కొట్టినట్టుండేది, ఎవరో ఒకరు లోపలి నుంచి ఎవరని అడిగేవాళ్ళు. అడిగితే కడుపు నిండుతుందా అంటే నిండదు. రెండూ కలిపినా మా షెడ్డు నిండలేదు.

అప్పుడే బెంగళూరు ఫోన్ వచ్చింది. నువ్వు పోతే మన గానుగకు వచ్చేవాళ్ళ గతేమిటని అడిగాను. "నేను పోతే ఎవురికి తెలుస్తాది లేమే" అన్నాడు. మామూలుగా, వంటకు ఉప్పెంత వేయాలో చెప్పినంత మామూలుగా అన్నాడు. నాకు ఆ మాట గుచ్చుకుంది. ఊళ్ళో ఇన్నేళ్ళు బతికిన మనిషి తాను లేకపోవడం ఎవరికీ కనబడదని నమ్మేశాడు. దాని ముందు నా బాధ నాకు చిన్నదైపోయింది.

మిగిలిన సీసాలు అమ్ముడుపోవాలి కదా. రెండుచోట్లా ప్రకటన పెట్టాను. తెలుగు అక్షరాలు నాలుగు ఎక్కువైతే ఒక మెసేజీ రెండవుతుంది కాబట్టి పొల్లుమాట లేకుండా రాశాను. "సోమవారం నుంచి గానుగ ఆడదు. నూనె కావలసినవాళ్ళు ఆదివారంలోగా రండి." మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన గుడ్డ తీసుకుని పోయి గానుగ తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికి తుడిచి గంట కాలేదు.

సోషల్ మీడియాలో ఏడుపు బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. అయ్యో అక్కా అన్నారు. మన సంప్రదాయాలు ఇట్లా పోతున్నాయని ఒకాయన పొడుగ్గా రాశాడు, ఆయన్ను మెచ్చుకుంటూ ఇంకొకాయన రాశాడు. సాయంత్రానికి అందరూ ఇంకో వీడియోకు పోయారు. మెసేజీకి ఈసారి ఒక్క ఫోనూ రాలేదు. ఏమి సమాచారమని కూడా ఎవరూ అడగలేదు. మా ఆయన అన్నదే నిజమేమోనని భయపడ్డాను.

ఆదివారం పొద్దున్నే టేబుల్ మీద సీసాలు వరసగా పేర్చి, రేటు అట్టముక్క మీద రాసి పెట్టాను. మొదట వచ్చింది మా పక్క వీధి తాత. షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఆడించుకునే మనిషి. చేతిలో డబ్బా లేదు, సంచి లేదు. భుజం మీద తుండుగుడ్డ మాత్రం ఉంది. వచ్చి మా ఆయన పక్కన కూర్చున్నాడు. తర్వాత ఆటోలో కొందరు దిగారు. బండ్ల మీద కొందరు వచ్చారు. తనకల్లు జోడెడ్లు వచ్చాడు, వానొస్తాదనే ఆయన వచ్చాడు, ఆడవాళ్ళు వచ్చారు. అందరివీ ఉత్తచేతులే. గోనెల మీద, మెట్ల మీద, నేల మీద సర్దుకుని కూర్చున్నారు. ఒక్కరు కూడా టేబుల్ వైపు చూడలేదు. టీ ఇస్తే వద్దన్నారు. మంచినీళ్ళిస్తే చేత్తో పక్కకు తోశారు. కాసేపు కూర్చుని ఒకాయన లేచాడు, తుండు దులుపుకున్నాడు, ఎవరితోనూ ఏమీ అనకుండా రోడ్డెక్కి పోయాడు. ఆయన వెనకాల ఇంకొకామె కూడా అట్లాగే పోయింది.

అప్పుడు నాకు అర్థమైంది. వీళ్ళు పలకరింపుకు వచ్చారు. మనిషి పోయిన ఇంటికి వచ్చినట్టు వచ్చారు. మా వైపు ఆ ఇంట మంచినీళ్ళు ముట్టరు, బేరాలు మాట్లాడరు, పోయేటప్పుడు పోయొస్తామని చెప్పరు. అట్లాంటి ఇంటికి మళ్ళీ వస్తామనడం తప్పు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంది తాతా ఇది! మనిషి ఎదురుగా కూర్చోనుండాడు. ఎవురు పోయినారని పలకరిస్తాండారు?"

"గానుగ పోతాంది కదమ్మా" అన్నాడు తాత. "రాకుండా ఎట్లుంటాము? మీ బోరు పోయినప్పుడు రాలేదా?"

నిజమే, వచ్చారు. మా వైపు ఎద్దు పోయినా వస్తారు, బోరు ఎండినా వస్తారు. అప్పుడూ ఇట్లాగే టీ ముట్టకుండా కూర్చుని పోయారు.

"వచ్చినారు కదా, తలా ఒక సీసా తీసుకోండి. ఈ పొద్దే ఆఖరు."

"ఛీ ఛీ. ఈ పొద్దు బేరమా? రేపు తీసుకుంటాం లే."

"రేపు గానుగే ఉండదు కదా తాతా!"

"అందుకే గదమ్మా ఈ పొద్దు వచ్చింది" అన్నాడు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఏసీ గదుల్లోని ఆ ఇద్దరిలో ఒక్కడైనా ఇట్లాంటిదొకటి జరుగుతుందని నాకు చెప్పలేదు.

తాత మా ఆయన వైపు తిరిగాడు. "యాడికప్పా పోయేది?"

"బెంగుళూరికి తాతా."

"ఆడ ఏం పని?"

"గేటు తీసేది, ఏసేది."

"మీ ఇంటికి గేటే లేదు కదప్పా" అన్నాడు తాత. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడారు, పోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టే. తన కోడలి కాన్పుకు ఒళ్ళంతా ఈ నూనే రాసినామని ఒకామె చెప్పింది. మడ్డి అడుక్కి దిగి నూనె తేరుకోకముందే పోతానంటే మా ఆయన ఒప్పుకోలేదని, తన డబ్బాను ఎండలో పెట్టి కాపలా కాశాడని ఇంకొకామె చెప్పింది. మా ఎద్దుకు జబ్బు చేస్తే చెక్క ఊరికే ఇచ్చినాడు, అడగకుండానే ఇచ్చినాడు అని తనకల్లు ఆయన అన్నాడు. నూనె తీశాక మిగిలే పిప్పిని చెక్క అంటాం, పశువులకు పెడతాం. ఆ ఇచ్చిన సంగతి నాకే తెలియదు. మా ఆయన తల వంచుకుని వింటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. తను పోతే ఎవరికీ తెలియదనుకున్న మనిషి, తను పోవడమంటే ఏమిటో బతికుండగానే కూర్చుని వింటున్నాడు. నేను లోపలికి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

అంతలో బస్సు ఆగింది. చంకలో చిన్న సంచితో ఒక అవ్వ దిగి, ఇంతమంది ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం చూసి వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఎవురు పోయినారమ్మా?"

"ఎవురూ పోలేదవ్వా. నువ్వెవురు?" అన్నాను.

నల్లమాడ దగ్గర నుంచి వచ్చిందట. కువైట్‌లో ఉన్న ఆమెకు అమ్మ. "నీ గానుగ నిలిచిపోతాదని ఫోన్లో చూసిందంట. ఒకటే ఏడుపు. ఇంట్లో ఉండే గింజలు తీసుకపోయి ఆడించు, చప్పుడు నాకు ఇనిపీ అనింది" అని సంచి ముందుకు చాచింది.

మా ఆయన సంచి ఎత్తి చూశాడు. మొహం చిన్నబోయింది. గానుగలో ఒకసారికి పోసే గింజల్ని వాయి అంటాం. ఆ గింజలు సగం వాయికి కూడా రావు. అంత తక్కువ పోస్తే రోకలి వట్టిగా తిరుగుతుంది, నూనె దిగదు. మేము కొన్న గింజలు అప్పటికే అయిపోయాయి. "సాలవవ్వా" అన్నాడు మెల్లగా. అవ్వ సంచి వైపు చూసుకుంది. బస్సెక్కి ఇంత దూరం వచ్చిందనీ, మళ్ళీ రేపు రమ్మనడానికి లేదనీ అందరికీ తెలుసు.

తాత లేచి ఏమీ చెప్పకుండా ఇంటి వైపు పోయాడు. పోయొస్తాననలేదు కాబట్టి ఆయన కూడా పోయాడనుకున్నాం. కాసేపటికి పాత పంచెలో మూట కట్టుకుని తిరిగొచ్చాడు. ఇంట్లో దాచుకున్న గింజలు. మూట విప్పి అవ్వ సంచిలో ఒంపేశాడు. అన్నదమ్ముల గింజలు కూడా కలవనివ్వని మా వాళ్ళు ఊపిరి బిగబట్టి చూశారు. అవ్వ కూడా కొంచెం ఉలిక్కిపడింది. తర్వాత ఆ వీధిలోనే ఉండే ఇంకొకామె లేచింది. చేటనిండా తెచ్చి పోసింది. ఎవరివి ఎవరివో ఇక ఎవరూ చెప్పలేరు.

మా ఆయన మోటారు వేశాడు. నేను కువైట్‌కు ఫోన్ కలిపి, గానుగ పక్కన పట్టుకున్నాను. కట్టె కిర్రుమంది. అవతలి నుంచి ఊపిరి వినబడుతూ ఉంది. అవ్వ ఫోన్ దగ్గరికి వంగి "ఇనపడతాందా పాపా? మీ నాయన ఉన్నట్టే లేదూ?" అంది. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. షెడ్డులో ఆడవాళ్ళందరం ఏడ్చాం. మగవాళ్ళు వానొస్తుందా రాదా అన్నట్టు బయటికి చూశారు. నూనె దిగడం మొదలయ్యాక ఎవరో టీ అడిగారు. ఆ తర్వాత అందరూ అడిగారు. చక్కెర చాల్లేదని కూడా అన్నారు.

నూనె మొత్తం అవ్వకే పోసి పంపాం. పొద్దు వాలింది. తాత లేచాడు. తుండు దులిపి భుజం మీద వేసుకున్నాడు. వచ్చిన పని పలకరింపు కాబట్టి, టీ తాగినా సరే, ఎవరి వైపూ చూడకుండా నడవడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్ళూ అట్లాగే లేచారు.

మా ఆయన గానుగ దగ్గర నుంచి గబగబా బయటికి వచ్చాడు. మోచేతుల దాకా నూనె.

"తాతా! నిలబడు. పోయొస్తానని చెప్పి పో."

తాత తిరిగి చూశాడు. అందరూ ఆగిపోయారు. పెళ్ళైన నాటి నుంచి ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

"చెప్తే ఉంటావాప్పా?"

"ఉంటా."

తాత రెండడుగులు వెనక్కి వచ్చాడు. "అట్లయితే పోయొస్తాం లేప్పా" అన్నాడు. వెనకాల నుంచి ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. వాకిట్లో నిలబడి మా ఆయన ఒక్కొక్కరికీ తల ఊపుతున్నాడు. అందరూ చెప్పి పోయేదాకా నేను ఆయన పక్కనే నిలబడ్డాను.